సప్పుడు లేని గంగ చెంబు

"ఒరేయ్ బిక్షపతీ, ఇటు రా. ఈ చెంబు పట్టుకొని ఊపు. నీళ్ళ సప్పుడు ఇనొస్తుందో లేదో నా మీద ఒట్టేసి చెప్పు."

రాములమ్మ పూజ అర్ర ముంగట చాపేసుకొని కూసున్నది. ముందర ఇత్తడి తాంబాలం. అందుల కాశీ నుంచి ఒచ్చిన రాగి చెంబులు ఐదు. తెల్లారితే ఐతారం, గంగ పూజ. నూటపది మందికి పిలుపులు పోయినయి. తమ్ముని ఇంట్ల పూజ అని పెద్ద అంబర్‌పేట్ నుంచి మూడు రోజులు ముందే ఒచ్చిన రాములమ్మ, పొద్దుగాల చింతపండు పెట్టి చెంబులు తోముతుంటె ఈ సంగతి బయటపడ్డది. నాలుగు చెంబులల్ల గంగ గలగల అంటున్నది. ఐదోది మూగది.

బిక్షపతి ఊపిండు. చెవి కాడ పెట్టుకొని ఇంకోసారి ఊపిండు. సప్పుడు లేదు. బరువు గూడ లేదు. నాలుగు చెంబుల మూతులు సీసంతోటి అతికి ఉన్నయి. దీనికేమో కట్టె బిరడా, దాని మీద ఎర్ర లక్క.

"ఎండిపోయిందేమో అక్కా."

"మూతేసిన గంగ ఎండుతదారా? నీ షాపుల చీరె రంగు పోయిందంటె ఎండకు పోయిందని చెప్తవు, గట్లుంది. దీంట్ల గంగ లేదు. ఏమున్నదో నీ పెండ్లాన్ని అడుగు."

కనకమ్మ వంటింటి గడపల కూసోని గోంగూర తుంచుతున్నది. తలెత్తలే.

"ఏమే, ఈ చెంబుల ఏమున్నది?"

"కాశీదే."

"కాశీల బూడిద గూడ దొరుకుతది" అన్నది రాములమ్మ.

"బూడిద కాదు వదినె."

"మరేంది?"

"రేపు పూజల అందరి ముంగట ఇప్పుత. అప్పటిదాక జర ఓపిక పట్టు."

ఆ మాట ఎంత మెత్తగ అన్నదంటె, బిక్షపతి చెంబు తాంబాలంల పెట్టి పెండ్లాం దిక్కు చూసిండు. కాశీ పోకముందు కనకమ్మ అయితే ఈపాటికి గోంగూర కట్టెలు గోడకు తగిలేవి. ఆడబిడ్డ ఒకటంటె ఆమె నాలుగనేది. ఇన్నేండ్ల కాపురంల ఆ అరుపులకు ఈ ఇల్లు అలవాటుపడ్డది, బస్టాండు పక్కనున్న ఇల్లు హారన్లకు అలవాటుపడ్డట్టు. కాశీ నుంచి ఒచ్చి తొమ్మిది రోజులాయె, అరుపు లేదు. పాలు పొంగినా నవ్వుతది. కరెంటు పోయినా నవ్వుతది.

మనిషి మంచిగుంటె సంబురపడాలె గాని అనుమానపడతరా అంటరు. పడతరు. కట్టుకున్నోడైతే ముందుగాల పడతడు.

"అందరి చేతులకు కట్టే కాశీ దారాలేవి?" రాములమ్మ ఇడిసిపెట్టలే. "పోయినోళ్ళంత కట్టలు కట్టలు తెచ్చిన్రు."

"ఉన్నయి."

"ఏడున్నయి?"

"ఉన్నకాడ ఉన్నయి వదినె."

"చూసినవారా? కాశీల ఇష్టమైనది ఇడిసిపెట్టి రావాలంటె ఈమె ఏమిడిసింది? కాకరకాయ! పుట్టి బుద్ధెరిగినకాంచి ఈమె కాకరకాయ తిన్నది చూసినవా నువ్వు? దేవునికే టోపీ పెట్టొచ్చింది, మనమెంత!"

ఆ మాటకు కనకమ్మ గూడ నవ్వింది. రాములమ్మకు ఆ నవ్వే కాలింది. గొంతు తగ్గించి తమ్మునితోటి అన్నది:

"మా చిన్నప్పుడు బాణామతి పేరు చెప్పి గిట్లనె మూతులకు లక్క పెట్టిన చెంబులు తెచ్చెటోళ్ళు. నేను బెదిరిస్తలేను. చెప్తున్న అంతే."

బిక్షపతి చెప్పులేసుకున్నడు. గేటు కాడ కోడలు ఇందు టెంట్‌హౌస్ అతనితోటి ఫోన్ల కొట్లాడుతున్నది, కుర్చీలు ఎన్నింటికి తెస్తవని. మామను చూసి ఫోను పెట్టేసింది.

"మామయ్యా, ఒక మాట. నేనన్ననని అత్తమ్మకు చెప్పొద్దు."

"చెప్పు బిడ్డా."

"రోజు మూడు కొట్టంగనె అత్తమ్మ డాబా మీదికి పోతది. ఎవరితోనో ఉర్దూల మాట్లాడుతది. నేను బట్టలు ఆరేయ పోతె ఫోను కొంగుల దాస్తది."

"మొగోడా, ఆడామెనా?"

ఇందు నాలుక కరుచుకున్నది. "గదేం మాట మామయ్యా! ఆడామెనే. గొంతు ముసల్దానిలెక్క ఉన్నది."

బిక్షపతి స్కూటర్ తీసిండు గాని షాపు దిక్కు తిప్పలే. షాపుల కొడుకు శ్రవణ్‌కుమార్ ఉన్నడు. ఆయన ఎల్బీనగర్ దిక్కు తిప్పిండు.

*

ఎల్బీనగర్ చౌరస్తా దాటినంక రెండో అంతస్తుల భానుమూర్తి యాత్రల ఆఫీసు. ఆయన గుంటూరు దిక్కునుంచి ఒచ్చి ఇరవై ఏండ్లాయె, మాట మాత్రం అక్కడనే ఉన్నది. ఎంతోమంది ఆడోళ్ళను కాశీ, రామేశ్వరం తిప్పి తెచ్చిండు. కనకమ్మ పోయింది గూడ ఆయన తోలుకపోయిన యాత్రకే. రేపటి పూజకు ఆయనకు గూడ పిలుపు పోయింది.

"రండి రండి బిక్షపతిగారూ! రేపటికి పంతులుగారు సిద్ధం. పదింటికల్లా వచ్చేస్తారు."

"పంతులు సంగతి కాదు. మనిషికి ఎన్ని చెంబులు ఇప్పిచ్చినవ్?"

"నాలుగేనండి. అందరికీ ఒకే షాపులో. సీసం సీలు."

"మా ఇంట్ల ఐదున్నయి."

భానుమూర్తి టీ గ్లాసు కింద పెట్టిండు. ఎందుకు పెట్టిండో బిక్షపతికి అర్థమయ్యింది. బేరం కాడ అవతలోడు గ్లాసు కింద పెట్టిండంటె లోపల ఏదో ఉన్నదని చీరెల వ్యాపారం నేర్పింది.

"ఏమైందో చెప్పు."

"ఏం కాలేదండి."

"సరె. నూటపది మంది ముంగట రేపు అడుగుత. మైకు గూడ పెట్టిస్తున్న."

భానుమూర్తి తలుపు దిక్కు చూసిండు. "మీరు కోపం తెచ్చుకోకూడదు. తొమ్మిది రాత్రుల్లో ఒక రాత్రి కనకమ్మగారు సత్రంలో లేరండి."

ఫ్యాను తిరుగుతున్నది. కింద రోడ్డు మీద ఏదో బస్సు వెనక్కి ఒస్తున్నదేమో, కీ కీ అంటున్నది.

"నాలుగో రోజు సాయంత్రం హారతి దగ్గర జనంలో తప్పిపోయారు. ఫోను సత్రంలోనే వదిలేశారు. రాత్రంతా వెతికానండి, నా తల్లి తప్పిపోయినట్టు వెతికాను. పొద్దున పదింటికి బురఖా వేసుకున్నావిడ ఎవరో ఆటోలో తీసుకొచ్చి దింపి వెళ్ళింది. ఎక్కడున్నారమ్మా అంటే, 'మావోళ్ళ ఇంట్ల ఉన్న' అన్నారు. అంతే. ఆ చెంబు అప్పటికే ఆవిడ చేతిలో ఉంది."

"మాకు కాశీల ఎవ్వరు లేరు."

"నాకూ అదే అనుమానమండి."

"మరి నాకెందుకు చెప్పలె?"

"మీరు అడగలేదు కదా. పైగా మనిషి తప్పిపోయిందని నలుగురికీ తెలిస్తే, వచ్చే నెల బస్సు ఎవరెక్కుతారు?"

బిక్షపతి లేసిండు. తనకు తెప్పిచ్చిన టీ తాగలే.

మెట్రో పిల్లర్ల కింద స్కూటర్ ఏ గేర్ల పోతున్నదో గూడ ఆయనకు సోయి లేదు. మావోళ్ళు. మావోళ్ళంటె ఎవలు? బురఖా ఆమె మావోళ్ళు ఎట్లయితది? ఎవలన్న మాయమాటలు చెప్పి మతం మార్చిన్రా? ఆ నవ్వు, ఆ మెత్తదనం, దొంగచాటు ఫోను... ఒకదానికొకటి అతుకుతనె ఉన్నయి. విక్టోరియా మెమోరియల్ కాడ సిగ్నల్ పడ్డది. పక్కన ఆటో అతను "ఓ పెద్దమనిషీ, గ్రీన్ పడ్డది, పో!" అని అరిస్తె గాని కదల్లే.

*

ఇంటికి రాంగనె రాములమ్మ తమ్ముని మొఖం చూసింది. ఆమె చూపు ఈ నడుమ మందమైంది గాని, తమ్ముని మొఖం చదవనీకి అద్దాలు అక్కరలేదు.

"చెప్పు."

"ఏం లేదక్కా."

"నిన్ను ఎత్తుకొని పెంచినదాన్ని. చెప్పు."

చెప్పిండు. చెప్పొద్దు అనుకుంటనె అంత చెప్పేసిండు. కనకమ్మ, ఇందు పూలు తేనీకి పోయిన్రు కాబట్టి బతికిపోయిండు.

రాములమ్మ లేసి పూజ అర్ర తలుపు దగ్గరికేసింది.

"ఒక రాత్రి. సాయిబుల ఇంట్ల. తిన్నదా, పండుకున్నదా, ఏం మొక్కిందో, ఏం మింగిందో. తొమ్మిది రోజులకెల్లి గా చేతులతోనె మనకు అన్నం పెడుతున్నది."

"అక్కా..."

"నీకొక్కటె చెప్తున్న. రేపు ఆమె నోరిప్పి నిజం చెప్పకుంటె, నువ్వు ఆమె పక్కన పీటల మీద కూసోకు. కూసున్నవా, నేను నా బస్సెక్కిపోత. నేను లేసిపోతె, నా ఎనక ఎన్ని విస్తర్ల ముంగటికెల్లి మనుషులు లేస్తరో నువ్వే చూసుకో. గంగ పూజ ఒక్క మనిషి చేసేది కాదు. నువ్వు పక్కన లేకుంటె ఆమె కాశీ పోయినట్టే కాదు."

అది నిజమే. గంగ పూజ కానిదె యాత్ర తీరదు. మొగడు బతికుండంగ ఆడది ఒంటిగ పీట మీద కూసుంటె, నూటపది మంది ముంగట ఆమె బతుకు ఏమైతది?

రాములమ్మ నడుము వాల్చినంక, బిక్షపతి మూగ చెంబు తువాలుల చుట్టుకొని డాబా ఎక్కిండు. సొంత ఇంట్ల దొంగలెక్క.

నీళ్ళ ట్యాంకు నీడల కూసోని స్క్రూడ్రైవర్‌తోటి లక్క గీకిండు. ముక్కలు ముక్కలుగ రాలింది. బిరడా పట్టి గుంజిండు. వాసన ఏమన్న ఒస్తదేమోనని మొఖం పక్కకు తిప్పుకున్నడు.

ఏ వాసన రాలే. కాదు, ఒచ్చింది. గంజి వాసన. పట్టు వాసన.

వేలు పెట్టి గుంజిండు. దారాలు. ఎర్రయి, పచ్చయి, నడుమ నడుమ జరీ పోగులు. మూరెడు మూరెడు కొసలు. చీరె నేసినంక కత్తిరిచ్చి పారేసే పడుగు కొసలు, మగ్గం నిలువు పోగులయి.

పోచంపల్లిల నేతోళ్ళింట్ల పుట్టినోనికి దారం చేతికొస్తె వేళ్ళు ఊకుంటయా? ఒక కొస వేళ్ళ నడుమ నుంచి జారిచ్చిండు. ఒకచోట వేలికి సన్నగ తగిలింది. అతుకు. పాత పడుగు అయిపోయినంక కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పాతదానికి మెలేసి అతుకుతరు. వేళ్ళకు బూడిద రాసుకొని ఆడోళ్ళు చేసే పని. ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క చెయ్యి.

రెండు మెలికలు ముందుకు, ఒకటి ఎనక్కి.

బిక్షపతి ఇంకో దారం చూసిండు. గదే మెలి. ఇంకోటి. గదే. ఆయన చెయ్యి ఆగిపోయింది. గట్ల మెలేసెటోళ్ళు భూమి మీద ఇద్దరే ఇద్దరు. ఒకామె కింద ఒరిగి గురక పెడుతున్నది. ఇంకొకామె...

"ఇప్పినవా?"

మెట్ల కాడ కనకమ్మ. చేతిల ఫోను. మూడు కొట్టింది.

ఆమె కోపానికి రాలే. ట్యాంకు పక్కన కూలబడి, ఆయన ఒడిల రాలిన లక్క ముక్కలు ఏరింది.

"ఏడ కూసున్నవే మగ్గం మీద?"

"కాశీల."

"ఎవలింట్ల?"

"జుబైదా అని ముసలామె. నేతోళ్ళు." కనకమ్మ గొంతు మెల్లగ ఒచ్చింది. "మందిల చెయ్యి ఇడిసిపోయింది. ఏ గల్లీ చూసినా ఒక్కతీరె. చీకటి పడ్డది. తెలిసిన దేవుండ్ల పేర్లన్ని అయిపోయినయి, మల్ల మొదటికెల్లి మొదలువెట్టిన. గప్పుడు ఇనొచ్చింది. మగ్గం సప్పుడు. కాళ్ళు వాటంతటవే అటు నడిసినయి."

"సాయిబుల ఇల్లని తెల్వదా?"

"గడప కాడనె తెలిసింది. గోడకు మక్కా పటం ఉన్నది. నిలబడిపోయిన. ఆమె లేసొచ్చి నీళ్ళిచ్చింది. ఎవలు నువ్వు అని అడగలె. ఎక్కడ తప్పిపోయినవ్ బిడ్డా అని అడిగింది."

"తిన్నవా?"

"తిన్న. రొట్టె, ఆలుగడ్డ. నేను అడగకముందె మాంసం వండే గిన్నెలు పక్కకు పెట్టి, పక్కింటికెల్లి కొత్త గిన్నె తెప్పిచ్చి వండింది. నా మడి నాకంటె ఆమెనే ఎక్కువ కాపాడింది."

బిక్షపతి దారం దిక్కె చూస్తున్నడు.

"తెల్లారుగట్ల మజీదు పిలుపు ఒచ్చింది. మగ్గాలన్ని ఒక్కసారె ఆగినయి. ఆమె చాప పరిసి నమాజుకు నిలబడ్డది. నాకు గూడ మొక్కబుద్దయ్యింది. ఎటు తిరిగి మొక్కాల్నో తెల్వలె. మగ్గం దిక్కు తిరిగి మొక్కిన." కొంచెం ఆగింది. "తర్వాత ఆమె కోడలికి పడుగు అతుకబెట్టిన. మగ్గం గుంతల కాళ్ళు పెట్టి కూసున్ననయ్యా. ఇరవై ఎనిమిదేండ్లయింది. గంగల మూడు మునకలేసినప్పుడు రాని సల్లదనం, గా గుంతల కాళ్ళు పెడితె ఒచ్చింది. అందుకే కాశీ దారాలంటె ఇవే అనుకున్న. జుబైదానే పాత చెంబుల పెట్టి లక్క ఏసిచ్చింది."

ఇరవై ఎనిమిదేండ్లు. ఆ లెక్క ఆయనది గూడ. కనకమ్మ పురిటికి పుట్టింటికి పోయినప్పుడు, ఆమెకు చెప్పకుంట మగ్గం అమ్మి, గుంత పూడ్చి, సామాను లారీకెత్తి దిల్‌సుఖ్‌నగర్ ఒచ్చిండు. పసిపిల్లగానితోటి దిగి కొత్తింట్ల మగ్గమేదని ఆమె కండ్లతోనె వెతికింది. నోటితోని ఏమనలే. ఏమనకుంటె ఒప్పుకున్నట్టే అనుకున్నడు. అరుపులు అప్పటినుంచే మొదలైనయని ఆయనకు ఇప్పుడు, ఈ ట్యాంకు నీడల తట్టింది.

"రేపు కట్టు" అన్నడు, దారాలు ఒక్కకాడికి చేర్చుకుంట. "ఇవే కట్టు. ఎక్కడివని మాత్రం చెప్పకు. దారానికి నోరున్నదా? ఎవలకు తెలుస్తది?"

"చెప్పె కడత."

"అక్క లేసిపోతదే!"

"ఇష్టమున్నోళ్ళె చెయ్యి సాపుతరు. లేనోళ్ళకు భానుమూర్తి ఇచ్చిన నల్లదారాల కట్ట బీరువాల ఉన్నది. చెప్పకుంట చేస్తె ఎట్లుంటదో నాకు తెలుసు, నీకూ తెలుసు."

ఆయన తల దించుకున్నడు.

"నువ్వు పీట మీద కూసుంటవా లేదా? నాకు గదొక్కటి చెప్పు చాలు."

ఆయన నోరు తెరిసిండు. అంతల మెట్ల మీద దగ్గు ఇనొచ్చింది. గోడ పట్టుకొని, ఒక్కొక్క మెట్టు ఎక్కి, రాములమ్మ.

"అనుకున్న. మొగడు పెండ్లాలు డాబా మీద చేరిన్రంటె చెంబు ఇప్పిన్రని. ఏమున్నదిరా అండ్ల? దాయకు. నాకు చూపించు."

బిక్షపతి కనకమ్మ దిక్కు చూసిండు. కనకమ్మ కదల్లే. ఆయన లేసిపోయి, ఏం మాట్లాడకుంట, ఒక ఎర్రదారం అక్క అరచేతిల పెట్టిండు.

రాములమ్మ దాన్ని కండ్లకు దగ్గర పెట్టుకోలే. దారాన్ని ఆమె కండ్లతోటి ఎన్నడు చూడలే. బొటనవేలు, చూపుడువేలు నడుమ నుంచి మెల్లగ జారిచ్చింది. అతుకు కాడ వేలు ఆగింది. ఎనక్కి పోయింది. మల్ల ముందుకొచ్చింది.

ఆమె మొఖంల గీతలన్ని ఒక్కసారె వదులైనయి.

"ఇది నా చెయ్యి కద! మా అమ్మ నాకు నేర్పింది. నేను నీకు నేర్పిన, నువ్వు పెండ్లై ఒచ్చిన కొత్తల. రెండు ముందుకు, ఒకటి ఎనక్కి. బూడిద సరిగ రాసుకోవని నీ వేళ్ళ మీద కొట్టిన, యాదికున్నదా కనకమ్మా?" కనకమ్మ దిక్కు ఒక అడుగేసింది. "ఇన్నేండ్లకు ఎక్కడ అతికినవే? ఎక్కడిదే ఈ పడుగు?"

బిక్షపతి పెండ్లాం దిక్కు చూసి కండ్లతోటి బతిమాలిండు. వద్దు. ఇప్పుడొద్దు. రేపటిదాక ఆగు.

కనకమ్మ చేతిల ఫోను మోగుతున్నది. ఎత్తలే.

"కాశీల, సాయిబుల ఇంటి మగ్గం మీదిది వదినె. గా రాత్రి నేనున్న ఇల్లు గదే. రేపు నీ చేతికి కడదామని తెచ్చిన."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. కింద గేటు కాడ టెంట్‌హౌస్ ఆటో ఒచ్చినట్టున్నది. ఇనుప కుర్చీలు దించుతున్న సప్పుడు.

రాములమ్మ దారం కింద పడేయలే. చెయ్యీ సాపలే. ఆమె బొటనవేలు మాత్రం ఆ అతుకు మీదకెల్లి కదల్లే.